విమానం చక్రం మీద ఆదినారాయణ కన్ను

పుంగనూరులో లేత్ షాపు ఆదినారాయణ ఏ వస్తువునైనా బాగుందని అనగా విన్నవాళ్లు లేరు. పెళ్లికి పిలిస్తే వస్తాడు, కడుపునిండా తింటాడు, చేయి కడుక్కుని "పర్వాలేదు" అనేసి వెళ్లిపోతాడు. కొత్త ఇల్లు చూపించినా అదే మాట, పుట్టిన బిడ్డను చూపించినా అదే మాట. వీడికింత పొగరేమిటని కొత్తవాళ్లు అనుకుంటారు. పొగరు కాదు నాయనా, రోషం. ఆయన మెచ్చిన వస్తువు మన్నదని ఊరంతా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఊరికి పంచిపెట్టిన మహాతల్లి పరాయిది కాదు, ఆయన భార్య మునీశ్వరికి స్వయానా వదిన. మునీశ్వరి అన్న, మదనపల్లెలో పాత ఇనుము అంగడి పెట్టిన చెంగయ్య భార్య మునిలక్ష్మమ్మ.

ఇందులో ఆమె తప్పెంత, ఆయన తప్పెంత అంటే తేల్చడం కష్టం. ఎందుకంటే ఆదినారాయణకు కుళ్లు ఉన్నమాట నిజం. దాన్ని దాచిపెట్టి ఆయన్ను మహాత్ముణ్ణి చేస్తే నాకు ఒరిగేదేమీ లేదు. అయితే ఆ కుళ్లు లోకం మీద కాదు. ఎదురింటివాడు మేడ కట్టినా ఆయనకు పట్టదు. ఒక్క బావ చెంగయ్య కొత్త చెప్పులు వేసుకున్నా కడుపులో కుంపటి రాజుకుంటుంది.

ఆ కుంపటి రాజుకున్నది కుప్పంలో. తొంభై ఒకటిలో పెద్దమండ్యం పక్కన మెట్టచేలు ఎండిపోతే బావా బావమరుదులిద్దరూ కుప్పం వెళ్లి గ్రానైటు ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ బండరాయిని కోతకు ఎక్కించేముందు సుత్తితో తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమని పలుకుతుంది. లోపల నెర్రె ఉన్న రాయి డబ్బుమని మూలుగుతుంది. సంతలో కుండ కొనే ఆడవాళ్లకు తెలిసిన విద్యే గానీ, రాయి దగ్గర అది అందరికీ అబ్బదు. ఆదినారాయణకు నెల తిరక్కుండా అబ్బింది. చెంగయ్యకు ఎన్నటికీ అబ్బలేదు. ఒకసారి "బావా, ఆ రాయి మూలగతాండాది, వద్దు" అని ఆదినారాయణ అంటున్నా వినకుండా ఎక్కించాడు. రాయి మధ్యలో విడిపోయి కోతబ్లేడు విరిగింది. చెంగయ్య ఏం చేశాడనుకున్నారు? ఇంకో బ్లేడు తెచ్చి, మిగిలిన ముక్కను మళ్లీ ఎక్కించాడు. అదీ విరిగింది. మూడోది బిగిస్తుంటే మేస్త్రీ వచ్చి చేయి పట్టుకున్నాడు.

అలాంటివాణ్ణి ఏడాది తిరిగేసరికి సూపర్వైజరును చేశారు. మాటకారి మరి! దొర వస్తే ఎదురెళ్లి నవ్వుతూ నాలుగు ముక్కలు చెప్పగలడు. రాళ్లు తట్టి విన్నవాడు రాళ్ల దగ్గరే ఉండిపోయాడు, పలకరింపు నేర్చినవాడు తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కాను చూసిన రోజు ఆదినారాయణ అన్నం తినలేదు.

తర్వాత ఇద్దరూ కుప్పం వదిలేశారు. ఈయన పుంగనూరులో లేత్ మిషను పెట్టుకున్నాడు, ఆయన మదనపల్లెలో పాత ఇనుము అంగడి తెరిచాడు. ఆయనకు ముందు ఫోను వచ్చింది, ముందు రంగుల టీవీ వచ్చింది, పేపర్లో ఫోటో వచ్చింది. ఈయనకు నడుంనొప్పి వచ్చింది.

తొంభై ఏడులో చెంగయ్య కొత్త వ్యాను కొన్నాడు. ఆదినారాయణ మర్యాదకు "బండి బ్రహ్మాండంగా ఉండాది బావా" అన్నాడు. మూడోనాడు దాని ఇరుసు విరిగింది. ఉగాదికి వెళ్లి ఆవును చూసి "ఏం పొదుగక్కా!" అన్నాడు. మర్నాటి నుంచి ఆవు తన్నడం మొదలుపెట్టింది. మునిలక్ష్మమ్మ కళ్లు పెద్దవి చేసింది. ఆదినారాయణ మెచ్చిన వస్తువు ఇంట్లో ఉంచకూడదు, మెచ్చినవాడికే తోలెయ్యాలి అని ఆ ఇంటికొక చట్టం రాసింది. ఆవును పుంగనూరు తోలించింది. అది ఇక్కడికొచ్చిన వారానికే శుభ్రంగా పాలిచ్చింది, అది వేరే సంగతి. ఇంకోసారి ఆయన ఆమె పట్టుచీర వంక చూసి "రంగు బాగుండాదే" అన్నందుకు ఆ చీర మునీశ్వరికి చేరింది.

ఊళ్లో ఊరుకుంటారా? "ఆదినారాయణప్పా, మా అంగట్లో ఫ్యాను ఉండాది, రెండు మంచిమాటలు చెప్పి తీసుకుపోరాదా!" అని ఎగతాళి చేశారు. నరుడి కంటికి నల్లరాళ్లు పగులుతాయంటారు గానీ, ఆ నవ్వులకు పగిలింది ఆదినారాయణ గుండె. ఆ రోజు నుంచి ఆయన నోరు కట్టేసుకున్నాడు. "పర్వాలేదు" దాటి ఒక్కమాట రాలేదు.

ఇక అసలు కథకు వస్తాను. రెండువేల మూడు మొదట్లో చెంగయ్యకు బెంగుళూరు వేలంలో రెండు పాత జెట్ విమానాల తుక్కు దొరికింది. ఒకదానికి ముక్కూ, పైలెట్ కూర్చునే చోటూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెంటికీ కలిపి నాలుగు చక్రాలు వచ్చాయి. మరొకడైతే కరిగించి అమ్ముకునేవాడు. పక్కనున్న అంగళ్లు అనే ఊరి ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే వినోద్ సారు ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి చూపించాడు. అందులో విదేశాలవాళ్లు పాత యుద్ధవిమానం రెక్కలు కోసేసి, దాన్ని కారు చేసి, ఉప్పు మైదానంలో పరుగెత్తిస్తున్నారు. నేల మీద అందరికంటే వేగంగా పోయామని రికార్డు రాయించుకోవాలని వాళ్ల పిచ్చి. ఆ పిచ్చి మదనపల్లె దాకా వచ్చి చెంగయ్యకు ఎక్కింది. ఉప్పు మైదానం లేకపోతేనేం, రెండేళ్లుగా వానల్లేక బైరెడ్డిపల్లె దగ్గర చెరువు ఎండి సిమెంటు గచ్చులా ఉంది. యాక్సిడెంటైన కారు ఇంజను ఒకటి వెనక బిగించి, గంటకు రెండువందల కిలోమీటర్లు కొట్టాలని ముహూర్తం పెట్టేశాడు. నడిపేది తానే.

బండి సగం తయారయ్యాక ఆదినారాయణకు కబురొచ్చింది. పనికి కాదు, చూడటానికి.

"ఏమప్పా ఆదినారాయణా, సూస్తాండావా?" అని చెంగయ్య విమానం ముక్కు మీద చరిచాడు. "ఆకాశంలో తిరిగింది, ఈ పొద్దు నా కొట్టంలో పండుకోనుండాది."

ఆదినారాయణ దాని చుట్టూ తిరిగాడు. లోపల రగిలిపోతున్నాడు. అద్దం మూతా, సన్నటి ముక్కూ, చేత్తో నిమరాలనిపించే ఒళ్లూ! చక్రాల ఇరుసుల దగ్గర వంగి చూసి, "ఈ పని ఎవురు చేసినారు బావా?" అని అడిగాడు.

"బెంగుళూరులో చేయిస్తిని. ఇది విమానం పని కదప్పా, మన లేత్‌కు అందేది కాదు."

పుండు మీద కారం అంటే అదే. మన లేత్ అంట! ఉన్నది ఎవరి లేత్? నాలుగు చక్రాలూ ఇంకా టైర్లు ఎక్కించకుండా గొలుసులకు వేలాడుతున్నాయి. చేతిలో స్పానరు ఉంది. కుప్పం అలవాటు కొద్దీ ఒకదాన్ని తట్టాడు. ఖంగుమంది. రెండోది ఖంగుమంది. మూడోదీ అంతే. నాలుగోది డబ్బుమంది.

మళ్లీ తట్టాడు. మళ్లీ అదే మూలుగు. దాని బోల్టు కన్నం పక్కన ఒక గాటు ఉంది.

నిజం చెప్పాలంటే ఆయనకు మొదట కలిగింది సంతోషం. ఒంట్లో చల్లటి గాలి వీచినట్టయింది. పడాలి, ఊరందరి ముందూ ఈ బండి బోల్తా కొట్టాలి, పేపర్లో ఆ ఫోటో పడాలి అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం ఆ బండిలో కూర్చునేదెవరో గుర్తొచ్చింది.

"బావా, ఈ చక్రంలో నెర్రె ఉండాది. ఇది వద్దు."

చెంగయ్య పడీపడీ నవ్వాడు. "వినోద్ సారూ, రాండి రాండి. మా బామ్మర్దికి చక్రం మాట్లాడిందంట!"

వినోద్ సారు చెడ్డవాడు కాదు. ఆ బండికి ఎన్ని జాగ్రత్తలు చేయాలో అన్నీ చేయించాడు. విమానాన్ని గాలి పైకి లేపేలా చేస్తారు, కారును గాలి లేపిందంటే మనిషి మిగలడు అని చెప్పి, ముక్కులో కుప్పం రాతి పలకలు పేర్చి బరువు పెట్టించాడు. భుజాల మీదుగా వచ్చే బెల్టులు, హెల్మెట్టు, మంటలార్పే సిలిండరు, ఆపడానికి తోకలో గొడుగు గుడ్డ, ఏదీ మరవలేదు. ఆయన చక్రం వైపు చూసి ఓపికగానే చెప్పాడు. "చూడండి ఆదినారాయణ గారూ, ఈ చక్రం మీద టన్నుల బరువున్న విమానం దిగేది. మన బండి అందులో పావు వంతు కూడా లేదు."

"కొత్తలో దిగింటాది సార్. ఇది ఎన్నేండ్లు వానకు తడిసి ఎండకు ఎండిందో! తేలిక లోహం ఇది. ఈ పాత రంగు కింద బయటికి కనపడదు, లోపల తింటాది."

"అనుమానముంటే బెంగుళూరు పంపి పరీక్ష చేయిద్దాం. పదిరోజులు పట్టొచ్చు."

"పదిదినాలా?" చెంగయ్య నవ్వు ఆగిపోయింది. "ఈ ఆదివారం పేపరోళ్లను పిలిస్తిని సార్. చుట్టుపక్కల ఊర్లంతా చాటించినాను." బావమరిది వైపు తిరిగాడు. "నీ బాధ నాకు తెలుసులే ఆదినారాయణా. పని నీకియ్యలేదని ఏడస్తాండావు. కుప్పంలో ఉన్నప్పటి నుంచీ నీకు కుళ్లే."

అందులో అబద్ధం ఏముంది గనుక ఆదినారాయణ కాదనడానికి? తల దించుకుని బస్సెక్కాడు. కుళ్లున్నవాడు అబద్ధం చెబితే జనం నమ్ముతారు. నిజం చెబితే ఎవడూ నమ్మడు.

ఇంటికొచ్చి మునీశ్వరికి చెప్పాడు. ఆమె చాటలో బియ్యం పక్కన పెట్టి మొగుడి మొహంలోకి చూసింది.

"ఏమయ్యా, నా మీద ఒట్టేసి నిజం చెప్పు. నీకు కుళ్లా, బయమా?"

"రెండూ," అన్నాడు ఆదినారాయణ.

ఆమె మర్నాడే మదనపల్లె వెళ్లి అన్న కాళ్లావేళ్లా పడింది. వదిన ఇంటి గుమ్మంలోనే ఉప్పూ మిరపకాయలూ తిప్పి, "నీ మొగుడు తన కన్ను నీకు పెట్టి పంపించినాడా?" అంది. మునీశ్వరి ఏడ్చుకుంటూ వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే జెట్ కారు లారీ మీద పుంగనూరు మీదుగానే వెళ్లింది. పక్కన విడిగా పేర్చిన నాలుగు విమానం చక్రాలకూ వెండిరంగు దట్టంగా పూశారు, ఉన్న నెర్రె కాస్తా రంగు కింద పడుకుంది. చెంగయ్య లారీ మీద నిలబడి పెళ్లికొడుకులా చేయి ఊపుతున్నాడు. జనం మోటారుసైకిళ్ల మీద వెంటపడ్డారు. ఆదినారాయణ షాపు మూసి, మునీశ్వరిని తీసుకుని వెనకే బస్సులో వెళ్లాడు. ఏం చేయాలో ఆయనకు తెలియదు. చూస్తూ ఊరుకోలేడు, ఇంట్లో ఉండలేడు.

చెరువు నిండా జనం. సోడాబండ్లు, చెరుకురసం, గట్టు మీద గొడుగుల కింద ఆడవాళ్లు. లారీ నుంచి దించడానికి వేసిన జీపు చక్రాలు తీసేసి, అప్పుడే విమానం చక్రాలు బిగించారు. తీసిన జీపు చక్రాలు పక్కనే పడి ఉన్నాయి. వినోద్ సారు బెల్టులు లాగి చూస్తున్నాడు. చెంగయ్య హెల్మెట్టు చంకలో పెట్టుకుని పేపరువాళ్లకు పోజులిస్తున్నాడు. నలభై ఆరేళ్లవాడు, ఆ రోజు పాతికేళ్లవాడిలా ఉన్నాడు. మునిలక్ష్మమ్మ బూడిదగుమ్మడికాయ మీద కర్పూరం పెట్టుకుని నిలబడి, దూరం నుంచే ఆదినారాయణను చూసింది.

"ఆ మనిషిని ఈ పక్కకు రానియ్యొద్దండప్పా! బండి కదిలేదాకా ఆ మొగాన్ని అవతలికి తిప్పుండీ!"

జనం గొల్లుమన్నారు. ఆదినారాయణకు చెవులు వేడెక్కాయి. ఆ వేడిలోనే, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఆవు గుర్తొచ్చింది. తాను మెచ్చిన ఆవు, తాను మెచ్చిన చీర. తాను చెప్పిన మంచిమాట ఎవడూ వినడు. తన మెచ్చుకోలు మాత్రం ఈ ఇంట్లో శిలాశాసనం!

అంతే. జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. ఇద్దరు చేయి పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఎడంపక్క ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, రెండు చేతులూ దాని మీద వేశాడు. అది మూలిగిన చక్రం. బోల్టు పక్కన రంగు కప్పలేకపోయిన ఆ గాటును బట్టి ఆయన దాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"బావా!" అని అరిచాడు. చెరువంతా వినిపించేలా అరిచాడు. "ఎంత బాగుండాది బావా ఈ చక్రం! వెండి పళ్లెం మాదిరి ఉండాది. నా జన్మలో ఇట్లాంటి చక్రం సూడలా!"

నాటకం ఆడదామనే మొదలుపెట్టాడు. కానీ ఆరేళ్లుగా కట్టేసిన నోరు ఒకసారి తెరుచుకున్నాక ఆయన అదుపులో ఉండలేదు.

"బండీ బాగుండాది! నువ్వూ బాగుండావు! కుప్పంలో తెల్లచొక్కా ఏసుకున్న పొద్దు ఎంత బాగుండావో, ఆ పొద్దు చెప్పలేకపోతిని. నీకొచ్చే ఊహలు నాకు యాల రావు బావా? ఈ బండి నాదైతే ఎంత బాగుండు! ఈ జనమంతా నన్ను సూస్తే ఎంత బాగుండు! నీ మీద కుళ్లే నాకు, అవును, కుళ్లే!" ఎవరో భుజాలు పట్టి వెనక్కి లాగారు. చక్రాన్ని మాత్రం వదలలేదు.

మునిలక్ష్మమ్మ చేతిలో గుమ్మడికాయ జారి దానంతటదే పగిలింది.

"మెచ్చేసినాడు! దేవుడా, చేతులు కూడా పెట్టేసినాడు!" అని గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి బండి ముక్కు ముందు మట్టిలో చతికిలబడింది. "ఆ చక్రం తీసెయ్యండి! తియ్యకుండా నా మొగుడు ఎక్కినాడంటే నన్ను తొక్కించి పోవాల్సిందే!"

"ఏమే, పిచ్చి పట్టిందా? పేపరోళ్లు సూస్తాండారు, లెయ్యి!" అన్నాడు చెంగయ్య.

"సూడనీ! వాళ్లకేం, వాళ్ల తాళి కాదు గదా!"

చెంగయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. విరిగిన ఇరుసు ఆయనకూ గుర్తుంది మరి. హెల్మెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటూ ఆ చక్రాన్ని చూశాడు, బావమరిదిని చూశాడు. చివరికి "తియ్యండప్పా" అన్నాడు.

ఒక్కటి తీస్తే బండి కుంటుతుంది. నాలుగూ తీయాల్సిందే. విమానం చక్రాలు పోయి జీపు చక్రాలు వచ్చాయి. "ఈ టైర్ల మీద ఎనభై దాటితే నేను ఒప్పుకోను చెంగయ్య గారూ, బెల్టు విప్పి కిందికి దించేస్తాను" అని వినోద్ సారు ఖండితంగా చెప్పేశాడు.

జెట్ కారు కదిలింది. డెబ్బై ఆరు కిలోమీటర్ల వేగంతో చెరువు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. పక్కనే ఒకడు మోటారుసైకిలు మీద దాన్ని దాటి, వెనక్కి తిరిగి చేయి ఊపాడు. గట్టు మీద నవ్వులు తెరలు తెరలుగా లేచాయి. తోకలో గొడుగు గుడ్డ విచ్చుకోవడానికి గాలి కూడా చాలక, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కింద నాలుగు వరుసల ఎగతాళి కూడా పడింది.

బండి దిగిన చెంగయ్య సూటిగా ఆదినారాయణ దగ్గరకు వచ్చాడు. కొడతాడేమోనని మునీశ్వరి అడ్డం వెళ్లింది. కొట్టలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఒక్క పొద్దు," అన్నాడు. "ఈ ఒక్క పొద్దు నాది కావాలనుకుంటిని. దాన్నీ తినేస్తివి గదప్పా."

తనకు పన్నెండేళ్లుగా కావలసింది ఇదే కదా, బావ తల దించుకోవడం! దించుకున్నాడు. చూడటానికి ఏమీ బాగాలేదు.

ఆ ఇంటి చట్టం ప్రకారం మూడోనాడు వ్యానులో చక్రం వచ్చింది. మునిలక్ష్మమ్మ టైరు ఊడబెరికించి మరీ పంపింది. డ్రైవరు దాన్ని లేత్ షాపు ముందు దొర్లించి పోయాడు. ఆదినారాయణ రంపపు పొట్టుతో, కిరసనాయిలుతో, చివరికి ఇసుక కాగితంతో గంటసేపు ఆ వెండిరంగు గీకాడు. వెండిరంగూ, దాని కింది పాత విమానం రంగూ పోయాయి. ఒక బోల్టు కన్నం నుంచి ఇంకో బోల్టు కన్నానికి, అక్కడి నుంచి అంచు దాకా, జానెడు పొడుగున నల్లటి గీత. వేలిగోరు దిగుతోంది.

"మునీశ్వరీ!" అని వీధి అదిరేలా పిలిచాడు.

ఆమె వచ్చి చూసింది. గీత మీద వేలు పెట్టి, అలాగే కూలబడి, అన్నను తలుచుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని లేచింది. "ఇంకా యాల సూస్తాండావు? తీసుకోని పో! మా వదిన మొగాన పెట్టు. ఊరంతా తిప్పి సూపించు. నా మొగుడి కన్ను కాదు, చెవి మంచిదని అందురూ తెలుసుకోవాల!"

చెప్పొద్దూ, అంతటి ఆనందం ఆదినారాయణ పెళ్లినాడు కూడా ఎరగడు. చక్రాన్ని గోనెసంచిలో చుట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన పెట్టుకుని బస్టాండుకు నడిచాడు. దారంతా మాటలు పేర్చుకున్నాడు. ఇదిగో బావా, చూడు. ఎవరి లేత్‌కు అందదన్నావు? ఎవరికి కుళ్లన్నావు? పేపరువాళ్లను మళ్లీ పిలువు. చెంగయ్య మొహం ఎలా నల్లబడుతుందో, ఏమంటాడో కూడా ఊహించుకున్నాడు.

ఏమంటాడు? అక్కడ ఆగిపోయాడు. బావ ఏమంటాడో ఆయనకు బాగా తెలుసు. "నెర్రె ఉండేది ఒకదానికే గదప్పా? కన్నూ లేదు, గిన్నూ లేదు గదా? ఇంకో చక్రం తెస్తాను" అంటాడు. విరిగిన బ్లేడు తీసి ఇంకో బ్లేడు బిగించినవాడు. పాత విమానాల తుక్కులో ఇంకో చక్రం దొరక్కపోదు. దానికి ఏ నెర్రె ఉంటుందో, దాన్ని ఎవడు తట్టి చూస్తాడో! ఈసారి మునిలక్ష్మమ్మ కూడా అడ్డం కూర్చోదు, దిష్టి కాదని తేలిపోయింది కాబట్టి. చెంగయ్యకూ ఆ బండికీ మధ్య ఇప్పుడున్న ఒకే ఒక గోడ, ఆదినారాయణ కన్ను.

మదనపల్లె బస్సు వచ్చింది. కండక్టరు పిలిచాడు. ఆదినారాయణ ఎక్కలేదు. గోనెసంచి మళ్లీ భుజానికెత్తుకుని ఇంటికి వచ్చేశాడు.

"యాల వచ్చేస్తివి?" అంది మునీశ్వరి.

"సూపిస్తే మళ్లా ఎక్కుతాడే."

అన్న గుణం తెలిసినదే కాబట్టి, ఆమె గోనెసంచి దించడానికి చేయి వేసింది.

చెంగయ్య మూడేళ్లు మాట్లాడలేదు. జెట్ కారును ముక్కలుగా అమ్మేశాడు. మునీశ్వరికి పుట్టింటి గడప కరువైంది. ఆదినారాయణ చక్రాన్ని షాపులో నెర్రె కిందికి వచ్చేలా బోర్లించి, పైన గోనె మడిచి వేసి, వచ్చినవాళ్లు కూర్చోవడానికి పీట చేశాడు. కుళ్లు పోయిందనుకునేరు, ఎక్కడికి పోతుంది? చెంగయ్య మేడ మీద మేడ వేశాడని తెలిసినప్పుడు మండింది, కారు కొన్నాడని తెలిసినప్పుడు మండింది. అలా మండినప్పుడల్లా షాపు మూసేముందు గోనె తీసి, సుత్తితో చక్రాన్ని ఒక్కటి తట్టేవాడు. డబ్బుమనేది. కడుపు చల్లబడేది. ఇంటికెళ్లి అన్నం తినేవాడు.

రెండువేల ఆరులో చెంగయ్య కూతురు పావని పెళ్లి కుదిరింది. మేనత్తా మామా లేకుండా పెళ్లెలా జరుగుతుంది? చెంగయ్య తనే పత్రిక తీసుకుని పుంగనూరు వచ్చాడు. లేత్ షాపు గడప దగ్గర కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, కనిపించిన పీట మీద కూర్చున్నాడు. మునీశ్వరి టీ తెచ్చి, అన్న ఎక్కడ కూర్చున్నాడో చూసి, గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చెంగయ్య పత్రిక ఇచ్చాడు. టీ సగం తాగాడు. లేత్ మిషను వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు. లోపల ఉన్నది ఇక దాచుకోలేకపోయాడు.

"అయిపోయిందేదో అయిపోయింది. ఒక్కటే అడగతాను, నువ్వు మిషను పనోడివి, నీకు తెలుస్తాది. ఆ పొద్దు నీ కన్ను పడకపోయుంటే నా బండి రెండొందలు కొట్టుండేదా, లేదా?"

ఆదినారాయణ చేతిలో సుత్తి ఉంది. బావ కూర్చున్న చోటుకు అది మూరెడు దూరంలో ఉంది. లేపి, గోనె తీసి, ఒక్కటి తడితే చాలు. మునీశ్వరి మొగుడి చేతినే చూస్తోంది.

ఆయన సుత్తిని బెంచీ మీద పెట్టాడు.

"రెండొందలేంది బావా," అన్నాడు. "రెండొందల యాభైకి పొయ్యుండేది."

చెంగయ్య మొహం వెలిగిపోయింది. మూడేళ్లుగా లోపల పెట్టుకున్న ఊపిరి వదిలినట్టు వదిలి, టీ పూర్తిగా తాగి, బావమరిది భుజం మీద చరిచి లేచాడు. గడప దాటబోతూ వెనక్కి తిరిగాడు.

"పెండ్లికి ముందు దినమే వచ్చేయండి ఇద్దురూ. కానీ ఒకమాటప్పా, మీ అక్క మరీమరీ చెప్పి పంపించింది. పెండ్లికొడుకును మాత్రం మెచ్చుకోవద్దు."

"నేనేమంటాలే బావా," అన్నాడు ఆదినారాయణ. "పర్వాలేదంటా."

చెంగయ్య కొత్త కారు మలుపు తిరిగేదాకా చూసి, ఆదినారాయణ లోపలికి వచ్చి గోనె తీశాడు. చక్రాన్ని సుత్తితో ఒక్కటి తట్టాడు. అది మూలిగింది.

"వింటివా?" అన్నాడు పెళ్లాంతో.

"వింటిలే," అంది మునీశ్వరి. "టీ సల్లారిపోతాండాది, తాగు."